పందిరి కింద మట్టి

హైదరాబాదు ద్రాక్షకు మూడున్నర శతాబ్దాల కిందటి సాక్షి ఒకడున్నాడు. 1660ల్లో గోల్కొండ రాజ్యం చూడడానికి వచ్చిన తెవెనో అనే ఫ్రెంచి యాత్రికుడు ఇక్కడి తోటల గురించి నాలుగు ముక్కలు రాసిపెట్టాడు. పండు జనవరికే తయారవుతుందనీ, తోటకు తగిలే ఎండను బట్టి కొన్నిచోట్ల ఏప్రిల్ దాకా కోస్తూనే ఉంటారనీ, తెల్ల వైన్ చేస్తారనీ చెప్పాడు. కోత కాగానే తీగను కత్తిరిస్తారట, నడివేసవికి మళ్లీ పుల్లటి కాయ వస్తుందట. ఫ్రాన్సులో ఏడాదికి ఒకేసారి, అదీ చలికాలపు నిద్రలో ఉన్న తీగను కత్తిరించడం చూసినవాడికి ఇది వింతగానే తోచి ఉంటుంది.

ఈ క్యాలెండరు ఇప్పటికీ మారలేదు. మారింది తోటల చిరునామా. సికింద్రాబాదు కంటోన్మెంటు దాటి ఉత్తరానికి వెళ్తే అల్వాల్, బొల్లారం, అక్కణ్ణుంచి శామీర్‌పేట, మేడ్చల్, తూర్పుకు తిరిగితే కీసర. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల వేల ఎకరాల్లో ద్రాక్ష పందిళ్లు ఉండేవి. ఇప్పుడు లెక్క వందల్లోకి వచ్చింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఈ ఊళ్ల నడుమ నుంచి పోయింది, దాని వెంట వెంచర్లు వచ్చాయి, వెంచర్ల చుట్టూ ప్రహరీలు లేచాయి. అయినా కొన్ని కుటుంబాలు తోట వదల్లేదు. వాళ్లు ఎందుకు వదల్లేదన్నదాని కంటే ఎలా నిలబెట్టుకున్నారన్నది ఆసక్తికరమైన సంగతి. ఆ జవాబు పందిరి మీద దొరకదు, వంగి కిందికి చూడాలి.

ఈ నగరానికి పేరు తెచ్చిన ద్రాక్ష అనాబ్-ఎ-షాహి. సుమారు 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే ఆయన దీన్ని పశ్చిమాసియా నుంచి హైదరాబాదుకు తెచ్చారని ఉద్యాన శాస్త్ర పుస్తకాలు చెబుతాయి. పొడుగాటి పెద్ద కాయ, లేత ఆకుపచ్చ మీద తేనెరంగు నీడ, లోపల గింజ, తేట రసం. చాలాకాలం బంగళా తోటల్లో షోకుగా పెరిగి, 1950ల తర్వాత రైతుల పొలాల్లోకి వచ్చింది. వచ్చాక మాత్రం ఆగలేదు. కారణం రుచి కాదు, దిగుబడి. హెక్టారుకు సగటున 35 టన్నులు ఇచ్చే తీగ ఇది. పేరున్న చాలా ఫ్రెంచి వైన్ ప్రాంతాల్లో హెక్టారుకు ఏడెనిమిది టన్నులు దాటితే చాలు, నిబంధనలు అడ్డొస్తాయి. మన దగ్గర అంతకు నాలుగైదు రెట్లు గుత్తులు వేలాడితే రైతు మీసం మెలేసేవాడు.

అంత బరువు మోయాలంటే పందిరి గట్టిగా ఉండాలి. తెలంగాణలో రాయికి కొదవ లేదు. గ్రానైటు కడీలు వరసగా పాతి, ఆరేడు అడుగుల ఎత్తున ఇనుప తీగెలు గళ్లుగళ్లుగా బిగించి, కాండాన్ని నిలువుగా పైకి తెచ్చి నాలుగు వైపులా పాకిస్తారు. మధ్యాహ్నం మూడు గంటలకు కూడా కింద నీడ పచ్చగా ఉంటుంది. కొంచెం పొడుగున్న మనిషి తల వంచుకునే నడవాలి. కడీలు పాతడం ఒక తరం ఖర్చు, తీగలు మారినా అవి మారవు. అందుకే తోట పోయి ఇరవై ఏళ్లయిన చోట కూడా, ఇంకా ప్లాట్లు పడకపోతే, వరసలు వరసలుగా కడీలు మిగిలి కనిపిస్తాయి.

ద్రాక్ష పెట్టినవాడికి ఏడాదిలో రెండు పెళ్లిళ్లు చేసినంత పని. మన వాతావరణంలో తీగ నిద్రపోదు కాబట్టి, మనిషే దానికి రుతువులు కల్పించాలి. కోత అయ్యాక ఏప్రిల్ కటింగ్. అప్పుడు వచ్చే కొమ్మల్లోనే వచ్చే ఏటి కాపు దాగి ఉంటుంది. రెండోది అక్టోబర్ కటింగ్, అదే పండుకోసం. ఈ రెండో కటింగ్ తేదీ దగ్గరే రైతు జాతకం తేలుతుంది. ముందు కత్తిరిస్తే ఈశాన్య రుతుపవనాల వానకు లేత గుత్తుల మీద బూజు తెగులు పడుతుంది. ఆలస్యం చేస్తే పండు మార్చి ఎండల్లో చిక్కుకుంటుంది, వడగళ్లు కూడా అప్పుడే. దసరా, దీపావళి మధ్య ఈ ఊళ్లలో ఇద్దరు ద్రాక్ష రైతులు ఎదురైతే మొదటి మాట ‘కటింగ్ అయిందా?’ అనే.

కత్తిరించిన కొమ్మమీద కళ్లు అన్నీ ఒకేసారి పగలాలి. లేకపోతే ఒక గుత్తి పండేసరికి పక్కది పిందెగా ఉంటుంది. అందుకోసం హైడ్రోజన్ సయనమైడ్ అనే మందు పూస్తారు. చేతికి తొడుగు వేసుకుని, గుడ్డతోనో స్పాంజితోనో ఒక్కొక్క కన్ను మీద అద్దుకుంటూ పోవాలి. ఈ మందుతో ఒక చిక్కుంది. ఒంటికి తగిలినవాళ్లు కొన్ని రోజుల పాటు కల్లు గానీ సారా గానీ ముట్టకూడదు. శరీరంలో మద్యాన్ని విరగగొట్టే ప్రక్రియను అది మధ్యలో ఆపేస్తుంది. ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై పడిపోతారు. వైన్‌కు మూలమైన పంట ఇదే కదా, దాని కళ్లు తెరిపించే మందు మాత్రం తాగుడుకు పగవాడు.

ఆ తర్వాత పిందెలు పలచన చేయడం, గుత్తులను జిబ్బరెల్లిక్ యాసిడ్ నీళ్లలో ముంచడం. గింజలేని రకాలకు ఇది తప్పదు. గింజ చేయాల్సిన హార్మోను పని మగ్గులోని నీళ్లు చేస్తాయి. ఒక్కొక్క గుత్తి కిందికి మగ్గు తెచ్చి, ముంచి, దులిపి, పక్కదానికి పోవాలి. ఎకరంలో వేల గుత్తులు. మెడ పైకెత్తి చేసే ఈ పనికి ఆడకూలీలే ఎక్కువ. సాయంత్రానికి వాళ్లకు మెడలు పట్టేస్తాయి.

ఇక తెగుళ్లు. ద్రాక్ష తోటల్లో బూజు తెగులుకు ఇప్పటికీ వాడే బోర్డో మిశ్రమం పుట్టుకే ఒక కథ. బోర్డో ప్రాంతంలో దారిపక్క తోటల్లో పండు దొంగిలించకుండా రైతులు మైలుతుత్తం, సున్నం కలిపి ఆకుల మీద చల్లేవారు. నీలంగా, విషంలా కనిపిస్తే ఎవడూ చెయ్యి పెట్టడు. దారిపక్క వరసలకే తెగులు రాలేదని మిలార్డే అనే వృక్షశాస్త్రజ్ఞుడు గమనించి, 1885లో ఆ మందును లోకానికి చెప్పాడు. కన్నడ రైతయినా కడప రైతయినా నీలి చుక్కల ఆకు చూస్తే గుర్తుపడతారు. సేంద్రియ సాగులో కూడా దీన్ని ఒప్పుకుంటారు. కానీ ఏళ్ల తరబడి కొడితే రాగి మట్టిలో పేరుకుపోతుంది, వానపాములు ముందుగా వెళ్లిపోతాయి.

తోటలు ఎందుకు పోయాయి అంటే అందరూ రియల్ ఎస్టేట్ పేరే చెబుతారు. అది నిజమే, కానీ పూర్తి నిజం కాదు. భూమి ధర పెరగక ముందే చాలా తోటలు అలిసిపోయాయి. టన్నుల మీద మోజుతో ఎరువు బస్తాలు పెంచారు, నీరు పెంచారు. గ్రానైటు మీద ఉన్న నేల ఇది, కింద నీళ్లు రాతి పగుళ్లలో ఉంటాయి. ఒక బోరు ఎండితే ఇంకో బోరు, రెండొందల అడుగుల నుంచి వెయ్యి అడుగులకు. లోతు నీళ్లతో ఉప్పు వచ్చింది. ఉప్పుకు అనాబ్ ఆకు అంచులు మాడాయి. ఈలోగా బజారు రుచి మారింది. 1960ల్లో వచ్చిన థామ్సన్ సీడ్‌లెస్, దాని నుంచి మహారాష్ట్ర రైతులు ఏరి పెట్టుకున్న తాస్-ఎ-గణేశ్ లాంటి రకాలు పిల్లలకు ముద్దొచ్చాయి. గింజ ఉమ్మేయడం ఎవరికి ఇష్టం? నాసిక్, సాంగ్లీలు పైకి లేచాయి, హైదరాబాదు వెనకబడింది. ఆ స్థితిలో ఎకరానికి కోట్ల మాట వినబడితే రైతు అమ్మడం ఆశ్చర్యం కాదు. అలిసిన తోటను అమ్ముకున్నాడనడమే సరైన మాట.

ఈ కథకు రెండో చివర బర్ దుబాయ్‌లో కనిపిస్తుంది. క్రీక్ ఇవతలి ఒడ్డున, మీనా బజార్ చుట్టుపక్కల సందుల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో పండ్ల దుకాణాల ముందు మన దేశపు ద్రాక్ష పెట్టెలు పేర్చి ఉంటాయి. భారతీయ ద్రాక్షకు ఎమిరేట్స్ పెద్ద కొనుగోలుదారుల్లో ఒకటి. ఆ పెట్టెల్లో దాదాపు అంతా మహారాష్ట్ర సరుకే. సెలవురోజు సాయంత్రం లేబర్ క్యాంపుల నుంచి బస్సు దిగి వచ్చే జనంలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ యాస వినిపిస్తుంది. తెలంగాణ నుంచి గల్ఫ్‌కు ద్రాక్ష కంటే మనుషులే ఎక్కువగా ఎగుమతి అయ్యారు. కటింగ్ తెలిసిన చేయి ఎడారిలో కాంక్రీటు పోస్తుంటే, ఇక్కడ పందిరి కింద పనికి మనుషులు దొరక్క రైతు తల పట్టుకున్నాడు.

ఎగుమతి మార్కెట్టే ద్రాక్షకు ఇంకో పాఠం చెప్పింది. 2003లో యూరప్ మన ద్రాక్షలో పురుగుమందుల అవశేషాలు పట్టుకుంది. ఆ దెబ్బతో 2006లో కేంద్రపు వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా గ్రేప్‌నెట్ అనే వ్యవస్థ తెచ్చింది. ఎగుమతి తోట ప్రతిదానికీ నమోదు సంఖ్య, ఏ రోజు ఏ మందు కొట్టారో రాత, కోతకు ముందు ప్రయోగశాల పరీక్ష. అయినా 2010లో మళ్లీ దెబ్బ తగిలింది. ఈసారి క్లోర్‌మెక్వాట్ అనే పెరుగుదల నియంత్రకం. కొమ్మ సాగకుండా ఆపడానికి ఏప్రిల్ కటింగ్ తర్వాత కొట్టే ఆ మందు, నెలల తర్వాత పండులో తేలింది. తీగ దేన్నీ మర్చిపోదని రైతులకు అప్పుడు తెలిసింది.

ఇదే కాలంలో అల్వాల్‌లో ఒక ద్రాక్ష రైతు మందుల లెక్క వదిలేసి మట్టి లెక్క మొదలుపెట్టాడు. ఆయన చింతల వెంకటరెడ్డి. ద్రాక్ష ఆ కుటుంబపు పంట. అల్వాల్‌తో పాటు కీసర వైపు కుందన్‌పల్లిలోనూ ఆయన సాగు చేశారు. 2020లో పద్మశ్రీ ప్రకటించాక దేశానికి తెలిశారు గానీ, ద్రాక్ష రైతుల్లో ఆయన మాట అంతకు చాలా ముందు నుంచే ఉంది.

ఆయన పద్ధతి వినడానికి చాలా మామూలు. పంటలు పండీ పండీ పైమట్టి సారం పోతుంది, లోపలి మట్టిలో ఖనిజాలు అలాగే ఉంటాయి. కాబట్టి వేసవిలో నాలుగడుగుల దాకా తవ్వి, లోపలి మట్టిని పైకి తీసి ఎండబెట్టి, మొక్కల మొదళ్లలో వేయాలి. తడి తగలగానే ఎండిన మట్టి సారం విడుదల చేస్తుంది. రసాయన ఎరువు అక్కర్లేదు. ఇంకో పని, పైమట్టినీ లోపలి మట్టినీ నీళ్లలో కలిపి, ఆ నీటిని ఆకుల మీద పిచికారీ చేయడం. పురుగుకూ కొన్ని తెగుళ్లకూ అదే మందు.

మట్టి చల్లితే పురుగు పోతుందా అని నవ్వేవాళ్లు కొంచెం ఆగాలి. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు 1990ల్లో కేయోలిన్ అనే తెల్ల బంకమట్టిని ఇలాగే పండ్ల చెట్ల మీద చల్లి చూశారు. ఆకు మీద సన్నటి పొర ఏర్పడుతుంది. పురుగుకు కాలు ఆనదు, ఎండకు కాయ మాడదు. ఇప్పుడది ద్రాక్ష తోటల్లో సంచుల్లో అమ్మే సరుకు. ఎండిన మట్టి తడిస్తే సారం వదులుతుందన్నదీ గాలి మాట కాదు. 1958లో తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన బర్చ్ అనే శాస్త్రవేత్త దాన్నే కొలిచి చూపాడు. ఎండకు చచ్చిన సూక్ష్మజీవులు తొలకరి తడికి కుళ్లి నత్రజని వదులుతాయి. శాస్త్రజ్ఞులు ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. తొలకరి వాన పడ్డాక చేను ఒక్కసారిగా పచ్చబడడం మన రైతుకు తెలిసిందే.

అల్వాల్ నేలకు ఈ పద్ధతి ఎందుకు అతికిందో ఇంకో కారణం ఉంది. ఇది చెల్క. పైన ఇసుక పాలు ఎక్కువ. వేల ఏళ్ల వానలకు బంక కిందికి జారి, రెండు మూడు అడుగుల లోతున ఎర్రటి గట్టి పొరగా కూర్చుంటుంది. పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్ పరిశోధన సంస్థ పొలాల్లో గుంట తవ్వినా ఇదే కనిపిస్తుంది. ఆ బంకను పైకి తెస్తే ఇసుక నేలకు నీరు పట్టే గుణం వస్తుంది, వేసిన ఎరువు జారిపోదు. మన తాతలు దీన్నే ఇంకోలా చేశారు, చెరువు మట్టి తోలారు. ఎండాకాలంలో బండ్ల మీద చెరువు పూడిక పొలానికి చేర్చడం ప్రతి ఊరి ఆనవాయితీ. ట్రాక్టర్లు వచ్చాక, బస్తా ఎరువు వచ్చాక అది పోయింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు పూడిక మళ్లీ పొలాలకు చేరింది.

అలాగని వెంకటరెడ్డి చెప్పే ప్రతిదానికీ తల ఊపాల్సిన పని లేదు. వరి, గోధుమల్లో డి విటమిన్ పెంచే పద్ధతి ఒకటి ఆయన కనిపెట్టారు. 2021 ఫిబ్రవరిలో ప్రధాని మన్ కీ బాత్‌లో దాని గురించి చెప్పారు. దాని పేటెంటు సంగతి పత్రికలు పతాక శీర్షికలు చేశాయి. పేటెంటు అంటే ఆలోచన కొత్తదన్న హక్కు, గింజలో విటమిన్ నిలిచిందన్న ముద్ర కాదు. ఆ తేడా చాలా వార్తల్లో మాయమైంది. మట్టి పద్ధతికీ హద్దులున్నాయి. లోపలి మట్టిలో ఖనిజం ఉంటుంది గానీ జీవం తక్కువ, కాబట్టి పశువుల ఎరువో, జనుము, జీలుగ లాంటి పచ్చిరొట్టో తోడు లేకుండా ఎన్నాళ్లో నడవదు. ముదురు తోటలో మొదళ్ల దగ్గర జేసీబీ పెడితే వేర్లు తెగుతాయి. కూలీ ఖర్చు, యంత్రం ఖర్చు చిన్న రైతును భయపెడతాయి. అయినా నా మటుకు నాకు ఈయన చేసిన పెద్ద పని పేటెంటు కాదు. చూపును గుత్తి మీంచి మట్టి మీదికి తిప్పడం.

మరి తెవెనో చెప్పిన తెల్ల వైన్ ఏమైంది? ఇక్కడ తీపి లెక్క అడ్డొస్తుంది. రసంలో చక్కెర శాతాన్ని బ్రిక్సులో కొలుస్తారు. పులిసినప్పుడు దాంట్లో సుమారు సగం మద్యంగా మారుతుంది. అనాబ్-ఎ-షాహి పద్నాలుగు నుంచి పదహారు బ్రిక్సు దగ్గర ఆగిపోతుంది. దాంతో చేస్తే ఎనిమిది శాతం నీళ్లచారు వస్తుంది, నిలవ ఉండదు. వైన్‌కు ఇరవై రెండు దాకా ఎక్కాలి. తీగ మీద బరువు తగ్గిస్తే తీపి పెరుగుతుంది. కానీ 35 టన్నులకు అలవాటుపడ్డ రైతును ఎనిమిది టన్నులకు ఒప్పించేవాడెవడు? నాసిక్‌లో 1999లో మొదలైన సులా, నంది కొండల కింద గ్రోవర్ తోటలు ఫ్రెంచి రకాలు తెచ్చి వేరే దారి పట్టాయి. హైదరాబాదు తిండి ద్రాక్షగానే మిగిలింది.

అయితే అనాబ్ నెత్తురు వైన్‌లోకి దొడ్డిదారిన వెళ్లింది. బెంగళూరు శివారు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ దీన్ని ఇతర రకాలతో సంకరం చేసింది. బెంగళూరు బ్లూతో కలిపి అర్క హంస, క్వీన్ ఆఫ్ ది వినియార్డ్స్‌తో కలిపి అర్క సోమ పుట్టాయి. రెండూ వైన్ కోసం చేసినవే. మన రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన స్థానంలో ఇప్పటికీ దేశవిదేశాల రకాల తీగలు వరసకొకటిగా ఉన్నాయి.

ఇంటి వైన్ మాటకొస్తే, సికింద్రాబాదు ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో అది ఎన్నడూ ఆగలేదు. లాలాగూడ, బొల్లారం వైపు క్రిస్మస్‌కు ముందు జాడీల్లో నల్ల ద్రాక్ష, చక్కెర, గుప్పెడు గోధుమలు, కాస్త ఈస్టు వేసి గుడ్డ కడతారు. రోజుకోసారి కొయ్య గరిటెతో కలపాలి. మూడు వారాలకు వడగట్టి, సీసాల్లో పోసి, కేకుతో పాటు చుట్టాలకు ఇస్తారు. చక్కెర బయటి నుంచి వేస్తారు కాబట్టి బ్రిక్సు గొడవ లేదు. మా ఇంట్లో ఆవకాయకు జాడీ ఎంత పవిత్రమో, ఆ ఇళ్లలో క్రిస్మస్ జాడీ అంతే. వేరే దేనికీ వాడనివ్వరు.

మన వైపు కుటుంబం పేరుతో అసలైన వైన్ తోట చూడాలంటే మాత్రం చాలా దూరం పోవాలి. టెక్సాస్ రాష్ట్రంలో, లబక్‌కు నైరుతిన బ్రౌన్‌ఫీల్డ్ అనే చిన్న ఊరు. అక్కడి రెడ్డి వినియార్డ్స్ సీసా మీద మన రెడ్డి పేరే ముద్ర. విజయ్ రెడ్డి దక్షిణ భారతపు వ్యవసాయ కుటుంబం నుంచి వెళ్లి, అమెరికాలో మట్టి శాస్త్రంలో డాక్టరేటు చేశారు. భార్య సుబద. చాలా ఏళ్లు పత్తి, వేరుశనగ పండించారు. 1997లో ప్రయోగంగా ఐదెకరాల్లో ద్రాక్ష పెట్టారు. అది ఇప్పుడు మూడు వందల ఎకరాలు దాటింది, ముప్ఫై ఎనిమిది రకాలయింది. మొదట్లో పండు ఇతర వైన్ కంపెనీలకు అమ్మేవారు. కొడుకు అఖిల్ వచ్చాక సొంత పేరుతో సీసా మొదలైంది. వైన్ చేసేవాడిని దక్షిణాఫ్రికా నుంచి తెచ్చుకున్నారు.

ఆ నేల వర్ణన వింటే మన తెలంగాణ వాడికి ఇల్లు గుర్తొస్తుంది. ఎర్రటి ఇసుక మట్టి, రెండు మూడు అడుగుల కింద సున్నపు గట్టి పొర, చుట్టూ పత్తి. సముద్రమట్టానికి మూడు వేల అడుగుల పైన ఉంది కాబట్టి పగలు ఎండ, రాత్రి చలి. ఆ తేడాకే పండులో పులుపూ తీపీ రెండూ నిలుస్తాయి. మనకు లేనిది అదే. టెక్సాస్‌లో పండే వైన్ ద్రాక్షలో ఎనభై శాతానికి పైగా ఈ ఎత్తైన మైదానం నుంచే వస్తుంది. కష్టాలు కూడా తెలిసినవే. ఒగల్లాల అనే భారీ భూగర్భ జలనిధి ఏటేటా దిగిపోతోంది. పత్తికి పోసే దాని కంటే తక్కువ నీటితో తీగ బతుకుతుందన్నదే రైతులను ద్రాక్ష వైపు తిప్పింది. ఏప్రిల్ మంచు, మే వడగళ్లు ఒక్క రాత్రిలో కాపును తుడిచేస్తాయి. అన్నిటికీ మించి పక్క పత్తి చేలల్లో కొట్టే డైకాంబా కలుపుమందు గాలిలో తేలి వచ్చి ఆకును ముడుచుకుపోయేలా చేస్తుంది. దాని మీద ఆ ప్రాంతపు ద్రాక్ష రైతులు యాభై మందికి పైగా 2021లో బేయర్, బీఏఎస్ఎఫ్ కంపెనీల మీద దావా వేశారు. పొరుగువాడి మందు నీ తోటలో పడితే నీ సేంద్రియం ఏమైపోవాలి? ఈ ప్రశ్న కీసరలోనూ అలాగే ఉంటుంది.

టెక్సాస్‌కూ మన పందిళ్లకూ నేల కింద ఒక చుట్టరికం కూడా ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఫిలాక్సెరా అనే వేరు పురుగు ఫ్రాన్సు తోటలను తినేస్తుంటే, టెక్సాస్‌లో మన్సన్ అనే ఉద్యాన పండితుడు అడవి ద్రాక్ష తీగల వేర్లను అంటుకు సూచించాడు. ఫ్రాన్సు ప్రభుత్వం 1888లో ఆయనకు బిరుదు ఇచ్చింది. అలాంటి టెక్సాస్ అడవి తీగల్లో ఒకటి డాగ్ రిడ్జ్. ఉప్పు నీళ్లనూ కరువునూ తట్టుకునే మొండి వేరు. మన బోర్ల నీళ్లలో ఉప్పు ముదిరాక మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ రైతులు దీన్నే వేరుగా పెట్టి పైన థామ్సన్ కుటుంబపు కొమ్మ అంటుకట్టడం మొదలుపెట్టారు. మన అంగడిలో తీయని గింజలేని ద్రాక్ష కొంటున్న పెద్దమ్మకు దాని కింద టెక్సాస్ అడవి ఉందని తెలియదు.

పాత తోటను తిరిగి లేపాలనుకునేవాడికి దారి ఇలా ఉంటుంది. ఫిబ్రవరి, మార్చిలో డాగ్ రిడ్జ్ నాటాలి. ఆ వానాకాలం చివర అంటు కట్టాలి. మరుసటి ఏడాదంతా తీగను పందిరికెక్కించడమే పని. పండు అమ్మి డబ్బు చూడడానికి రెండేళ్లు. కడీలు మిగిలి ఉంటే సగం పెట్టుబడి మిగిలినట్టే. డ్రిప్ తప్పదు, మొదళ్లలో చెరకు చెత్తో వరి గడ్డో కప్పితే బోరు మీద భారం తగ్గుతుంది. దిగుబడి మాట మాత్రం మొదటే తేల్చుకోవాలి. తోట మీద బరువు సగానికి దించితే మందు తగ్గుతుంది, తీపి పెరుగుతుంది, కాయ కొనేవాడు మళ్లీ వస్తాడు. హోల్‌సేల్ మార్కెట్‌కు పోతే ఈ తేడాకు పైసా ఇవ్వరు. తోట గుమ్మం దగ్గర అమ్మితే ఇస్తారు. నగరం దగ్గరకు వచ్చేసిందని ఏడ్చే తోటకు ఉన్న ఒకే ఒక్క లాభం అది, కొనేవాడు కారేసుకుని ఇంటికే వస్తాడు.

రాజేంద్రనగర్ పరిశోధన స్థానం వాళ్లు ఫిబ్రవరిలో జనాన్ని తోటలోకి రానిచ్చి, ఎవరి గుత్తి వాళ్లు కోసుకుని తూకం వేయించుకునే ఏర్పాటు చేస్తుంటారు. నగరం చుట్టూ మిగిలిన కొన్ని తోటలూ ఇదే బాట పట్టాయి. వెళ్లదలుచుకున్నవాళ్లు సీజన్ మొదట్లోనే వెళ్లడం మేలు, అదీ పొద్దున్నే. రెండు ఆదివారాలు గడిస్తే చేతికందే ఎత్తులో పిల్లలు వదిలిన గుత్తులు, పైన చిలకలు వదిలిన గుత్తులు మాత్రమే ఉంటాయి. గింజ ఉన్న అనాబ్ కనబడితే ముందు దాన్నే అడగండి. జనం థామ్సన్ వైపు ఎగబడతారు కాబట్టి, అది చివరిదాకా దొరుకుతుంది.